నాన్నకి స్టెమ్ సెల్ ట్రాన్స్‌ప్లాంట్ అంటున్నారు, ఆ సెల్సే క్యాన్సర్‌ని చంపుతాయా?

బ్రాడీపేట కుర్రాడు:
మాది గుంటూరండి. నాన్నకి మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్, నాలుగు సైకిల్స్ కీమో అయ్యాక ఇప్పుడు డాక్టర్ గారు ఆయన స్టెమ్ సెల్స్ (రక్తం పుట్టించే మూలకణాలంట) తీసి మళ్ళీ ఆయనకే ఎక్కిద్దాం అంటున్నారు. ఆయనవి ఆయనకే ఎక్కిస్తే క్యాన్సర్ ఎట్టా పోద్ది? ఇంకోపక్క మా మావయ్య ఎవరో చెప్పారని ఒక క్లినిక్ నంబర్ ఇచ్చాడు, అడ్మిట్ అవక్కర్లా, స్టెమ్ సెల్ ఇంజెక్షన్లతో ఏ క్యాన్సరైనా తగ్గుద్ది, ముందు సగం డబ్బులు కట్టండి అంటున్నారు వాళ్ళు. అమ్మేమో బంగారం తాకట్టు పెడదామంటంది. తెలిసినోళ్ళు చెప్పండి ప్లీజ్.

బెజవాడ సిస్టర్:
బాబూ, ముందు ఆ బంగారం బీరువాలోంచి తియ్యొద్దని చెప్పు అమ్మకి. నేను ట్రాన్స్‌ప్లాంట్ వార్డులో చేశాను. నాన్నగారి విషయంలో క్యాన్సర్‌ని చంపేది స్టెమ్ సెల్స్ కాదు, మెల్ఫలాన్ అనే కీమో మందు. అది హై డోస్‌లో ఇస్తే మైలోమాతో పాటు బోన్ మ్యారో (ఎముక మజ్జ) కూడా దెబ్బతిని కొత్త రక్తం పుట్టదు, అందుకని ముందే నాలుగైదు రోజులు స్టెమ్ సెల్స్‌ని మజ్జలోంచి రక్తంలోకి తెచ్చే జీసీఎస్ఎఫ్ ఇంజెక్షన్లు చేసి, రక్తంలోకి వచ్చిన స్టెమ్ సెల్స్‌ని మిషన్ మీద తీసి దాచి, మెల్ఫలాన్ అయ్యాక రక్తం ఎక్కించినట్టే ఎక్కిస్తారు. రక్తకణాల కౌంట్ మళ్ళీ లేవడానికి రెండు వారాలు అటూ ఇటూగా పడుద్ది, ఈలోపు జ్వరం, విరేచనాలు, నోట్లో పుళ్ళు, అదే కష్టకాలం. మెల్ఫలాన్ ఎక్కేటప్పుడు ఐస్ ముక్కలు చప్పరించమంటారు, పళ్ళు జివ్వుమంటున్నాయని ఉమ్మేస్తారు చాలామంది, నువ్వు దగ్గరుండి చప్పరించేలా చూడు, పుళ్ళు బాగా తగ్గుతాయి.

తెనాలి తమ్ముడు:
మా అక్కకి ల్యుకేమియా (ఇంకో రకం రక్త క్యాన్సర్) అయితే నేనే డోనర్‌ని అన్నా. అక్కడ కథ వేరు, డోనర్ నుంచి వెళ్ళిన ఇమ్యూన్ సెల్స్ మిగిలిన క్యాన్సర్‌ని పరాయిదని పట్టుకుని కొడతాయి, సొంత సెల్స్‌తో ఆ లాభం ఉండదు. ఒక్కో తోబుట్టువుకి ఫుల్ మ్యాచ్ అయ్యే ఛాన్స్ 25 శాతమే. ఇక ఆ క్లినిక్ జోలికి అస్సలు పోవద్దు. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం ఇట్టాంటి రక్తపు జబ్బులకి చేసే ట్రాన్స్‌ప్లాంట్ తప్ప మిగతా స్టెమ్ సెల్ వైద్యం ట్రయల్‌గానే, అంటే పరిశోధనగానే చెయ్యాలి, ట్రయల్‌కి పేషెంట్ దగ్గర డబ్బులు తీసుకోకూడదు. ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐలో రిజిస్ట్రేషన్ నంబర్ ఇవ్వమని అడుగు, ఏమంటారో చూడు.

బ్రాడీపేట కుర్రాడు:
థ్యాంక్స్ తమ్ముడూ. సిస్టర్ గారూ, తీసిన సెల్స్‌లో మైలోమా సెల్స్ కూడా రావా మరి?

బెజవాడ సిస్టర్:
కొన్ని రావచ్చు, అందుకే ముందు కీమోతో జబ్బుని బాగా తగ్గించాకే తీస్తారు. మైలోమా మళ్ళీ తిరగబెట్టే జబ్బే, నీకు అబద్ధం చెప్పను. కానీ ట్రాన్స్‌ప్లాంట్ అయ్యాక లెనలిడమైడ్ లాంటి మాత్రలు వాడుతూ ఏళ్ళ తరబడి బాగున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. డేట్ ఇవ్వకముందే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్య మిత్రని కలిసి ప్రభుత్వ ఆరోగ్య స్కీమ్‌లో ఎంత వస్తదో కనుక్కో.