వాంకెల్ ఇంజన్: రోటర్ ఒక్క చుట్టు, షాఫ్ట్ మూడు చుట్లు ఎట్ల?

నల్లగొండ పాలిటెక్నిక్: అన్నా, మాజ్దా 13బీ (పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు తిరిగే వాంకెల్ ఇంజన్) మోడల్ చేస్తున్నం. ఈ లెక్క అర్థమైతలేదు. కంప్రెషన్ ఎందుకు పడిపోతది?

పాలమూరు మెకానిక్: రోటర్ లోపలి గేర్‌కు 51 పండ్లు, కదలని గేర్‌కు 34. తేడా 17, 51ని 17తోని భాగిస్తే మూడు. అందుకే షాఫ్ట్ మూడింతలు తిరుగుతది. రోటర్‌కు మూడు ముఖాలు గదా, ఒక్కో రోటర్‌కు షాఫ్ట్ చుట్టుకో పవర్ స్ట్రోక్ వస్తది.

మిర్యాలగూడ: తమ్మీ, అసలు తిప్పలు అపెక్స్ సీళ్లతోనే, అంటే రోటర్ మూలల మీది సీళ్లు. వాటికోసమే మీటరింగ్ పంపు ఛాంబర్లకు కొంచెం ఆయిల్ పంపుతది. అది తక్కువైతే సీల్ అరుగుతది, నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి మండుడు) వస్తే విరుగుతది. మామూలు కంప్రెషన్ గేజ్ మూడు ముఖాలల్ల ఎక్కువున్నదే చూపిస్తది. దాని వాల్వ్ పిన్ తీసేసి, క్రాంక్ చేసి (స్టార్టర్‌తోని ఇంజన్ తిప్పి) ముల్లు ఎగురుడు చూడు. పక్కపక్క రెండు ముఖాలు తక్కువుంటే నడుమ అపెక్స్ సీల్ పోయినట్టే. ఒక్కటే తక్కువుంటే ముందు సైడ్ సీల్‌ను (రోటర్ పక్కల ఉండే సీల్) అనుమానించు.

నల్లగొండ పాలిటెక్నిక్: ఇంజన్ వేడి మీదనా, చల్లగనా?

మిర్యాలగూడ: వేడి మీదనే. బ్యాటరీ ఫుల్ ఉండాలె, క్రాంకింగ్ 250 ఆర్‌పీఎం దాక రావాలె.