నలిగిన బ్రాంకస్ బయాప్సీ: స్మాల్ సెల్ అని రాసేయొచ్చా?

ప్రశ్న: బ్రాంకస్ (ఊపిరితిత్తిలోకి వెళ్లే గాలిగొట్టం) నుంచి తీసిన నాలుగు చిన్న ముక్కలు. హెచ్ అండ్ ఈ (మామూలుగా వేసే నీలం-గులాబీ రంగు) స్లైడులో మూడొంతులు నలిగి నీలం చారలైపోయింది. మిగతా చోట చిన్న కణాలు, సైటోప్లాజం అంతంతమాత్రం. టీటీఎఫ్-1 (ఊపిరితిత్తి కణాల్లో ఉండే ప్రొటీన్‌ని చూపే రంగు) పాజిటివ్. అడినోకార్సినోమానా (గ్రంథి కణాల రకం క్యాన్సర్), స్మాల్ సెల్లా (చిన్న కణాల, వేగంగా పెరిగే రకం క్యాన్సర్)?

జవాబు: టీటీఎఫ్-1 ఒక్కదాన్నే నమ్మి అడినో అనకండి. స్మాల్ సెల్‌లోనూ చాలా కేసుల్లో పాజిటివ్ వస్తుంది. నలగని చోటు వెతికి 40ఎక్స్‌లో న్యూక్లియస్ చూడండి. స్మాల్ సెల్‌లో క్రొమాటిన్ (న్యూక్లియస్‌లోని డీఎన్‌ఏ పదార్థం) ఉప్పూ మిరియాల పొడీ చల్లినట్టు సన్నగా ఉంటుంది, న్యూక్లియోలస్ (న్యూక్లియస్ లోపలి చుక్క) కనబడదు, పక్కపక్క న్యూక్లియస్‌లు ఒకదాని ఒంపులో ఇంకొకటి ఒదుగుతాయి. సైజుకి కొలత అదే స్లైడులోని లింఫోసైట్ (ఒక రకం తెల్ల రక్తకణం): కణం సాధారణంగా మూడు లింఫోసైట్ల వెడల్పు దాటదు. మైటోసిస్‌లు (విభజన అవుతున్న కణాలు) 2 చదరపు మిల్లీమీటర్లకు 10కి మించి ఉండాలి.

నీలం చారలు మాత్రం సాక్ష్యం కాదు. ఫోర్సెప్స్ పట్టుకి లింఫోసైట్లూ, కార్సినాయిడూ (నెమ్మదిగా పెరిగే ట్యూమర్) అలాగే నలుగుతాయి.

ప్రశ్న: మైటోసిస్‌లు లెక్కపెట్టేంత చోటు లేదు. బ్లాకులో (ముక్కల్ని మైనంలో పోసిన అచ్చు) కణజాలమూ తక్కువే.

జవాబు (మరొకరు): అయితే కేఐ-67 (విభజన దశలో ఉన్న కణాల శాతం చూపే రంగు) తప్పనిసరి. స్మాల్ సెల్‌లో మామూలుగా 50 శాతం పైనే, తరచుగా 80 కూడా దాటుతుంది. కార్సినాయిడ్‌లో 20 దాటడం అరుదు. నలిగిన కార్సినాయిడ్‌ని స్మాల్ సెల్ అని రాస్తే రోగికి అక్కర్లేని కీమోథెరపీ పడుతుంది, అందుకే ఇంత పట్టుబడుతున్నాం.

దీనితో పాటు ప్యాన్‌కెరాటిన్ (పైపొర కణాల గుర్తు), సినాప్టోఫైసిన్ (స్మాల్ సెల్, కార్సినాయిడ్‌ల లాంటి న్యూరోఎండోక్రైన్ కణాల గుర్తు), పీ40 (స్క్వామస్, అంటే పొలుసు కణాల గుర్తు) చాలు. లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్) అనుమానముంటే సీడీ45 (తెల్ల రక్తకణాల గుర్తు). స్మాల్ సెల్‌లో కెరాటిన్ తరచుగా న్యూక్లియస్ పక్కన చుక్కలా పడుతుంది. పీ40 కణాలన్నిటా గట్టిగా వచ్చి టీటీఎఫ్-1 నెగటివ్ అయితే బేసలాయిడ్ స్క్వామస్ (పొలుసు కణాల క్యాన్సర్‌లో చిన్న కణాల రకం) వైపు చూడాలి. పీ40 బదులు పీ63 వాడొద్దు, అడినోలోనూ కొన్నిసార్లు పాజిటివ్ వచ్చి తికమక పెడుతుంది.

బ్లాకుని మైక్రోటోమ్‌కి (పలుచగా కోసే యంత్రం) మళ్లీ మళ్లీ ఎక్కించకండి. ఎక్కించిన ప్రతిసారీ ముఖం సరిచేయడానికే కొంత కణజాలం పోతుంది. మొదటిసారే 4 మైక్రాన్ల సెక్షన్లు వరుసగా కోసి, రంగు వేయకుండా పక్కన పెట్టుకోండి. తీరా అది అడినో అని తేలితే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే (మందు ఎంపికకి చూసే జన్యువులు) పరీక్షలకి అవే దిక్కు. పీడీ-ఎల్1కి (ఇమ్యునోథెరపీ ఎంపికకి చూసే ప్రొటీన్) కనీసం 100 బతికున్న ట్యూమర్ కణాలు కావాలి.

ప్రశ్న: కేఐ-67 దాదాపు 8 శాతం. సినాప్టోఫైసిన్ గట్టిగా పాజిటివ్, పీ40 నెగటివ్. కానీ టీటీఎఫ్-1 పాజిటివ్ కదా?

జవాబు: కొన్ని కార్సినాయిడ్లలో అదీ వస్తుంది. పైగా ఇరుక్కుపోయిన మామూలు న్యూమోసైట్లు (ఊపిరితిత్తి గాలి గదుల కణాలు) కూడా పాజిటివే, కాబట్టి రంగు పట్టింది ట్యూమర్ న్యూక్లియస్‌కేనా అని స్లైడు మళ్లీ చూడండి. కేఐ-67ని నలగని చోటే లెక్కపెట్టారా అన్నదీ ముఖ్యం. అక్కడే 8 వస్తే ఇది స్మాల్ సెల్ కాదు. ‘కార్సినాయిడ్ ట్యూమర్, ఎన్‌ఓఎస్’ (ఉపరకం తేల్చలేదని అర్థం) అని రాయండి. టిపికలా, ఎటిపికలా అన్నది మైటోసిస్‌లూ, నెక్రోసిస్‌నీ (చనిపోయిన కణజాలం) బట్టి ఆపరేషన్‌లో తీసిన ముక్క మీదే తేలుతుంది. ఇంత చిన్న బయాప్సీలో ఆ ఊసెత్తకండి. కేఐ-67 శాతాన్ని మాత్రం రిపోర్టులో రాయండి.