తలకు కట్టుకునే లైటుకు లిథియం సెల్ ఏది కొనాలి, ఎలా ఛార్జ్ చేయాలి?

పరకాల రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. యాసంగి వరికి నీళ్లు పెట్టడానికి మా బాపు తెల్లవారుజామున మూడింటికే పొలానికి వెళ్తాడు. ఒడ్ల వెంట పాములు తిరుగుతాయి కనుక తలకు లైటు కట్టుకోకుండా ఆయనను గడప దాటనివ్వము. ఆ లైటులో 18650 సెల్ ఒకటి పడుతుంది. పాతది పాడైపోతే అంగడిలో ఒక జత కొన్నాను. వాటి మీద 9800 ఎంఏహెచ్ అని ఉంది, కానీ ఒక్కొక్కటి గంటన్నరకు మించి వెలగడం లేదు. ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు ముట్టుకుంటే చేయి నిలవనంత వేడిగా ఉంటున్నాయి. ఒకదానికి ప్లస్ కొన దగ్గర పై తొడుగు చిరిగింది. ప్లగ్గు బాపు మంచం తలాపునే ఉంది, రాత్రంతా ఛార్జింగ్ అక్కడే జరుగుతుంది, అందుకే నాకు భయంగా ఉంది. మంచి సెల్‌ను గుర్తుపట్టేది ఎలా? పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి అందులోవి వాడుకోవచ్చా?

హనుమకొండ మరమ్మతులు:

తమ్ముడూ, ముందుగా ఆ రెండు సెల్‌లనూ ఈ రోజు నుంచే ఛార్జింగ్‌కు పెట్టవద్దు. మిగతా విషయాలు తీరికగా చూసుకోవచ్చు.

18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న గుండ్రటి సెల్ అని అర్థం. ఆ కొలతలో పేరున్న కంపెనీలు చేసే సెల్‌ల సామర్థ్యం సాధారణంగా 2000 నుంచి 3500 ఎంఏహెచ్ మధ్య ఉంటుంది. కాబట్టి 9800 అని అచ్చువేసినవాడు అబద్ధమే అచ్చువేశాడు. మీరే లెక్క వేసి చూడండి. మీ లైటు మూడు వాట్లదైతే 3.7 వోల్టుల సెల్ నుంచి సుమారు 0.8 ఆంపియర్లు తీసుకుంటుంది, అంటే నిజంగా 9800 ఉంటే పన్నెండు గంటలు వెలగాలి. గంటన్నరకే ఆగిపోతున్నదంటే లోపల ఉన్నది 1200కు అటూ ఇటూ మాత్రమే. కిరాణా దుకాణంలోని ఎలక్ట్రానిక్ కాటా మీద తూచినా సంగతి బయటపడుతుంది. అసలైన సెల్ 45 గ్రాములకు దగ్గరగా తూగుతుంది. 30 గ్రాముల దగ్గరే ఆగిందంటే లోపల సరుకు తక్కువ ఉన్నట్టే.

కొనేటప్పుడు పానసోనిక్, శామ్‌సంగ్, ఎల్‌జీ, మురాటా వంటి తయారీదారుల సెల్‌ను బిల్లుతో కొనండి. సోనీ తన బ్యాటరీ వ్యాపారాన్ని 2017లో మురాటాకు అప్పగించింది కనుక, ఇప్పుడు ఎవరైనా కొత్త సోనీ సెల్ అని చూపిస్తే అనుమానించాల్సిందే. మన దేశంలో లిథియం సెల్‌లకు బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) నమోదు తప్పనిసరి. మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అది ఎవరి పేరున ఉందో అక్కడే చూసుకోవచ్చు.

మీ అవసరానికి ఎక్కువ కరెంటు ఇచ్చే సెల్ అక్కరలేదు. విదేశాల్లో వేపింగ్ పరికరాలకు, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్లకు ఇదే కొలత సెల్‌లను వాడతారు. వాటిలో ద్రవాన్ని వేడిచేసే తీగ చుట్ట ఒక్కసారిగా 15, 20 ఆంపియర్లు లాగుతుంది కనుక వారు సామర్థ్యం తగ్గినా సరే, అంత కరెంటును తట్టుకునే రకం ఎంచుకుంటారు. మన దగ్గర ఈ-సిగరెట్లను 2019లోనే నిషేధించారు కానీ, అక్కడి కోసం చేసిన సెల్‌లు ఆన్‌లైన్‌లో కనిపిస్తూనే ఉంటాయి. మీ లైటు ఒక ఆంపియర్ కూడా తీసుకోదు. రక్షణ సర్క్యూట్ (సెల్ మరీ నిండినా, మరీ ఖాళీ అయినా, షార్ట్ అయినా కరెంటును ఆపేది) ఉన్న 2600 లేదా 3000 ఎంఏహెచ్ సెల్ మీకు చాలు. ఆ సర్క్యూట్ వల్ల పొడవు 69 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది, అందుకని లైటు డబ్బాలో పడుతుందో లేదో ముందే కొలుచుకోండి.

కాజీపేట పాత మాస్టారు:

నేను ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం బోధించాను. సెల్ గురించి పై మిత్రుడు చెప్పినదంతా సరైనదే. నాకు మాత్రం ఛార్జర్ మీద ఇంకా ఎక్కువ అనుమానంగా ఉంది. లిథియం సెల్‌ను మొదట నిలకడైన కరెంటుతో నింపాలి. వోల్టేజి 4.2కు చేరిన తరువాత దానిని అక్కడే పట్టి ఉంచి, కరెంటు క్రమంగా తగ్గి దాదాపు పదో వంతుకు రాగానే పూర్తిగా ఆపివేయాలి. చవక లైట్లతో వచ్చే కొన్ని ప్లగ్గులలో ఈ ఏర్పాటు ఏదీ ఉండదు, పెట్టినంతసేపూ కరెంటు ఎక్కుతూనే ఉంటుంది. 4.2 దాటించి నింపుతూ పోతే లోపల లిథియం లోహం పొరలుగా పేరుకుంటుంది, వేడి పుడుతుంది. ఆ వేడికి ధన ధ్రువంలోని పదార్థం విడిపోయి ఆక్సిజన్‌ను వదులుతుంది కనుక, అంటుకున్న సెల్ తన మంటను తానే పోషించుకుంటుంది. ఛార్జింగ్ పూర్తయ్యాక సెల్ వోల్టేజిని మల్టీమీటరుతో (వోల్టులు కొలిచే పరికరంతో) చూడండి. 4.15, 4.20 మధ్య ఉంటే మంచిది, 4.25 దాటితే ఆ ప్లగ్గును మళ్లీ వాడకండి.

పూర్తిగా అడుగంటిన సెల్‌తోనూ ప్రమాదమే ఉంది. 2.5 వోల్టుల కంటే కిందికి పోయి అలాగే పడి ఉన్న సెల్ లోపల రాగి కరిగి, మళ్లీ నింపేటప్పుడు లోపలే షార్ట్ అయ్యే అవకాశం ఉంటుంది. మీరు అడిగిన ల్యాప్‌టాప్ సెల్‌లలో చాలావాటి పరిస్థితి ఇదే. అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా కమిషన్ కూడా 2021 జనవరిలో విడి 18650 సెల్‌లను కొనవద్దు, వాడవద్దు అని హెచ్చరించింది. ఇవి రక్షణ సర్క్యూట్ ఉన్న ప్యాకులలో అమర్చడానికి చేసినవని అది వివరించింది. నన్ను అడిగితే, సెల్ మార్చుకునే లైటుకు బదులు లోపలే బ్యాటరీ అమర్చిన మంచి కంపెనీ లైటు కొనడం మీ బాపుకు ఇంకా మేలు.

ఇక ఎండ సంగతి. ఈ సెల్‌లకు తయారీదారులు పెట్టే ఛార్జింగ్ హద్దు సాధారణంగా 45 డిగ్రీలు. మన దగ్గర ఎండలు ముదిరిన రోజుల్లో మధ్యాహ్నం రేకుల షెడ్డు లోపల ఆ హద్దు సులభంగా దాటుతుంది. అందుకని సాయంత్రం చల్లబడిన తరువాత, ఇంట్లో అందరూ మెలకువగా ఉండగానే ఛార్జ్ చేసి, పడుకునే ముందు తీసివేయండి. ఒక ఆంపియర్ ఛార్జర్‌తో 2600 సెల్ మూడు, నాలుగు గంటల్లో నిండుతుంది కనుక రాత్రంతా ఉంచాల్సిన పని లేదు.

పరకాల రైతుబిడ్డ:

మాస్టారు గారికి, అన్నకు ధన్యవాదాలు. నిన్న కిరాణా దుకాణంలో తూచాను. ఒకటి 31 గ్రాములు, రెండోది 29. పక్కింటి మోటారు మెకానిక్ మల్టీమీటరు పెట్టి చూస్తే, మొన్న రాత్రి ఛార్జ్ చేసి తీసిన సెల్‌లో 4.37 వోల్టులు చూపించింది. ఆ ప్లగ్గును విరగ్గొట్టి పడేశాను. బాపుకు ఇప్పటికైతే మా చిన్నాయన దగ్గర మామూలు టార్చి తెచ్చి ఇచ్చాను. ఈ రెండు సెల్‌లను ఏం చేయమంటారు? ఇంట్లో పత్తి కూడా నిల్వ ఉంది.

నర్సంపేట ఎలక్ట్రీషియన్:

పత్తి ఉన్న గదిలో వాటిని ఒక్క నిమిషం కూడా ఉంచకండి. 4.37 ఉన్న సెల్ నిండుకుండ కంటే ఎక్కువ. తొడుగు చిరిగినదానితో ఇంకా జాగ్రత్త అవసరం. ఈ సెల్‌కు బయటి రేకు మొత్తం మైనస్, పైన ప్లస్ బొడిపెకు దానికి మధ్య ఉన్నది సన్నటి కాగితపు ఉంగరం మాత్రమే. అక్కడ తొడుగు పోయిందంటే లైటు స్ప్రింగు తగిలినా, జేబులో తాళంచెవి తగిలినా నేరుగా షార్ట్ అవుతుంది. రెండు కొనలకూ ఇన్సులేషన్ టేపు చుట్టి, మట్టి కుండలో ఇసుక పోసి అందులో విడివిడిగా ఉంచి, వాకిట్లో నీడ పట్టున పెట్టండి. చెత్తలో వేయకండి, పొయ్యిలో అసలే వద్దు. ఎప్పుడైనా సెల్ పొగ వదిలితే ప్లగ్గు కరెంటు కట్టేసి, ఆ పొగ పీల్చకుండా దూరం నుంచే నీళ్లు కుమ్మరించండి. ఒక సెల్ చల్లారడానికి ఎన్ని నీళ్లు పోసినా తప్పులేదు.

హనుమకొండ మరమ్మతులు:

2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం పాత బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారులదే కానీ, అంగడి సెల్‌కు తయారీదారు ఎవరో తెలియదు. అందుకని ఆ రెండింటినీ మా దుకాణానికి తీసుకురండి. నెమ్మదిగా ఖాళీ చేసి, ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి మేమే అప్పగిస్తాం. మీరు చిన్నాయనతో బండి మీద వస్తే మంచిది, జనం నిండిన బస్సులో వాటిని తేవద్దు. లైటు కూడా వెంట తీసుకురండి, డబ్బా లోపలి పొడవు కొలిచి సరిపోయే సెల్ చూద్దాం.