అప్‌డేట్: అంబాసిడర్‌కి ఆయిల్ ప్రెషర్ వచ్చేసింది

నాన్నగారి పాత అంబాసిడర్‌కి (1489 సీసీ పెట్రోల్ ఇంజిన్) కొత్త ఆయిల్ పంప్ బిగించాక ప్రెషర్ అసలు రావట్లేదని పోయినవారం అడిగాను కదా. తప్పు నాదే. పంప్‌ని పొడిగానే ఎక్కించేశాను. లోపలంతా గాలే ఉంటే అది ఆయిల్‌ని పైకి ఎలా లాగుతుంది!

నిన్న మళ్లీ సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించాను. పంప్ నిండా ఆయిల్ పోసి చేత్తో షాఫ్ట్ తిప్పుతుంటే ముందు బుడగలు, వాటి వెనకే చిక్కటి ఆయిల్ ఉబికి వచ్చాయి. పంప్ బిగించే చోట పాత గాస్కెట్ (లీక్ కాకుండా మధ్యలో వేసే పలుచని అట్ట) గీకేసి, ఆయిల్ వెళ్లే రంధ్రాలు మూసుకోకుండా చూసుకుని కొత్తది వేశాను. ఇంజిన్ స్టార్ట్ అవ్వకుండా తేలిగ్గా తిరగడానికి స్పార్క్ ప్లగ్‌లు తీసి సెల్ఫ్ కొడితే కాసేపటికి ఆయిల్ ప్రెషర్ మీటర్ ముల్లు లేచింది. అమ్మయ్య! ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) 20, రేస్ చేస్తే 50 పీఎస్ఐ (ప్రెషర్ కొలత) చూపిస్తోంది.

సంప్ దగ్గర చిన్న లీక్ ఉంది. అది ఆదివారం చూస్తా.