ఏపీటీటీ నార్మల్, అయినా పాపకి రక్తం ఆగట్లేదు

పాప వాళ్లమ్మ, ఖమ్మం:
మా పాపకి 13 ఏళ్లు. పెద్దమనిషి అయ్యి ఏడు నెలలైంది. ప్రతి నెలా తొమ్మిది, పది రోజులు బ్లీడింగ్. స్కూల్లో గంటకో ప్యాడ్ మార్చుకోలేక చున్నీ నడుముకి చుట్టుకుని ఇంటికొచ్చేస్తోంది. అప్పట్లో పాలపన్ను ఊడితే తెల్లారేసరికి దిండు గలీబు తడిసిపోయింది, పట్టించుకోలేదు. హిమోగ్లోబిన్ 7.8. ప్లేట్‌లెట్లు, రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పీటీ, ఏపీటీటీ టెస్టులు మాత్రం నార్మల్. "కొత్తలో అంతేనమ్మా" అని ఐరన్ మాత్రలు రాశారు. మా అమ్మకీ నాకూ ఇంతే, అందుకే ఇంట్లో ఎవరికీ ఇది జబ్బనిపించట్లేదు. ఇంకేదైనా టెస్టు ఉందా?

నీలిమూత:
ల్యాబ్‌లో పనిచేస్తాను. మీ చివరి మాటే అసలు సంగతి. అమ్మమ్మ, అమ్మ, పాప, వరసగా ముగ్గురికీ అంటే ముందు వాన్ విల్లీబ్రాండ్ జబ్బు చూడాలి. రక్తం ఆగడానికి కావాల్సిన ఆ పేరు ప్రోటీన్ తక్కువగా ఉండటమో, సరిగ్గా పనిచేయకపోవడమో, అదే ఈ జబ్బు. ఏపీటీటీ దాన్ని నేరుగా కొలవదు. రక్తం గడ్డకట్టించే ఇంకో ప్రోటీన్, ఫ్యాక్టర్ 8, బాగా పడిపోతే తప్ప అందులో తేడా కనిపించదు. వాన్ విల్లీబ్రాండ్ యాంటిజెన్ (ఎంత ఉందో), యాక్టివిటీ (ఎంత పనిచేస్తుందో), ఫ్యాక్టర్ 8, ఈ మూడూ రాయించుకోండి.

ఇంకో మాట. నీలం మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే సిట్రేట్ ఒక పాలు, రక్తం తొమ్మిది పాళ్లు ఉండాలి. గీత దాకా నిండకపోతే మళ్లీ తీయమనండి, మొహమాటపడొద్దు. తీసిన రక్తాన్ని ఐస్‌లో పెట్టి పంపితే జబ్బు లేనివాళ్లకీ వాన్ విల్లీబ్రాండ్ తగ్గినట్టు చూపిస్తుంది. అందుకే ఇంటికొచ్చి తీసుకెళ్లేవాళ్లకి ఇవ్వకుండా, టెస్టు చేసే చోటికే వెళ్లండి.

గుంటూరు వదిన:
నాకు ఈ జబ్బు 29 ఏళ్లకి బయటపడింది. మొదటిసారి వాన్ విల్లీబ్రాండ్ 70 శాతం వచ్చి "ఏం లేదు" అన్నారు. అప్పుడు నాకు ఆరో నెల. కడుపుతో ఉన్నప్పుడు అది పెరుగుతుందట! కాన్పయ్యాక మూడు నెలలకి చేస్తే 24. జ్వరం ఉన్నా, సూది చూసి ఏడ్చినా పెరగొచ్చు. 'O' బ్లడ్ గ్రూపు వాళ్లకి మామూలుగానే కాస్త తక్కువ ఉంటుంది. ఒక్క రిపోర్టుతో ఆగకండి. కడుపునొప్పికి బ్రూఫెన్, మెఫ్తాల్ లాంటివి డాక్టర్‌ని అడక్కుండా వేయకండి, రక్తం ఇంకా ఆగదు.

పాప వాళ్లమ్మ, ఖమ్మం:
అయ్యో వదినా, ప్రతి నెలా నేనే మెఫ్తాల్ చేతిలో పెడుతున్నా. మాది మేనరికం కూడా, దానివల్ల ఏమైనా ఉంటుందా?

నీలిమూత:
ఉండొచ్చు, అది డాక్టర్‌కి తప్పక చెప్పండి. మేనరికాల్లో గ్లాంజ్‌మన్ అనే జబ్బు ఒకటి కనిపిస్తుంది. ప్లేట్‌లెట్ల లెక్క సరిగ్గానే ఉంటుంది, అవి ఒకదానికొకటి అతుక్కోవు. దానికి, ప్లేట్‌లెట్లు అతుక్కుంటున్నాయో లేదో చూసే అగ్రిగేషన్ టెస్టు వేరే. హెమటాలజిస్ట్ (రక్తం జబ్బుల డాక్టర్) దగ్గరికే వెళ్లండి.

పాప వాళ్లమ్మ, ఖమ్మం:
సోమవారం హైదరాబాద్ వెళ్తున్నాం. పాపతో పాటు నా రక్తం కూడా ఇచ్చొస్తా.