చిన్నాయన పేరు మర్చిపోయాడు, దోసె మర్చిపోలేదు. నటనేనా?

కావలి కుర్రోడు:
వైట్‌స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చి రొయ్యల చెరువు మొత్తం పోయిన వారానికి మా చిన్నాయన ఇంట్లోంచి వెళ్లిపోయాడు. నాలుగో రోజు ఒంగోలులో ఒక టిఫిన్ సెంటర్లో దొరికాడు. పేరు, ఊరు, పిన్నమ్మ, ఎవరూ తెలియదు. చేతులు మాత్రం పెనం మీద నీళ్లు చల్లి, చీపురుతో తుడిచి, పిండి తిప్పి, ఎర్రకారం అంచుదాకా పూస్తున్నాయి. ఇరవై ఏళ్ల కిందట ఆయన దోసె మాస్టరే. తల స్కాన్, ఫిట్స్ పరీక్ష బాగానే ఉన్నాయి. డిసోసియేటివ్ ఆమ్నీషియా, అంటే మనసు దెబ్బతిని తన సంగతే మర్చిపోవడం, అన్నారు డాక్టర్. బంధువులేమో అప్పులవాళ్లను తప్పించుకోడానికి ఆడిన నాటకం అంటున్నారు. మీరేమంటారు?

ఒంగోలు లెక్కల మాస్టారు:
నాటకమే తమ్ముడూ. కారం పాళ్లు గుర్తున్నవాడికి పేరు గుర్తుండదా? ఊరికే అనడం లేదు. ఒకే ఒంట్లో ఇద్దరు ముగ్గురు మనుషులున్నట్టు ఉండే రోగుల మీద 2003లో నెదర్లాండ్స్‌లో హంట్‌యెన్స్ బృందం ప్రయోగం చేసింది. ఒక 'మనిషి' నేర్చుకున్న మాటలు నాకు తెలియవని రెండో 'మనిషి' అన్నా, పరీక్షలో అవి బయటపడ్డాయి.

పెన్నా గట్టు నర్సు:
సార్, అందులో తేలింది లోపలికి వెళ్లిన మాట చెరిగిపోలేదని. అబద్ధం ఆడారని కాదు. మనసులో ఉండటం వేరు, కావాలన్నప్పుడు 'ఇది నాది' అని అందటం వేరు. చేతి పనికైతే ఆ 'నాది' అక్కర్లేదు. 1887లో అమెరికాలో ఆన్సెల్ బోర్న్ అనే మతబోధకుడు రోడ్ ఐలండ్‌లో మాయమై, పెన్సిల్వేనియాలో బ్రౌన్ అనే పేరుతో కొట్టు పెట్టి ఆరు వారాలు బేరాలు చేసుకున్నాడు. తెలివొచ్చాక ఆ కొట్టు సంగతే తెలియదన్నాడు. 1890లో మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ హిప్నటైజ్ చేస్తే మళ్లీ బ్రౌన్ మాట్లాడాడు.
కుర్రోడా, "బస్సెక్కావు కదా, గుర్తులేదా?" అని తలా ఒకటి నూరిపోయకండి. మీరు చెప్పిందే ఆయనకు జ్ఞాపకమై కూర్చుంటుంది.

ఉదయగిరి అక్క:
మా వైపు ఇలాంటివాళ్లను ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకెళ్తారు. వెళ్లండి, మందులు ఆపొద్దు.

ఒంగోలు లెక్కల మాస్టారు:
ఒక్క బోర్న్ కథతో సూత్రం రాదు సిస్టర్. నటించేవాళ్లను మీ వార్డులో చూడలేదా?

పెన్నా గట్టు నర్సు:
చూశాం. దోసె చూసి మాత్రం తేల్చలేదు.

కావలి కుర్రోడు:
నిన్న అన్నం తింటూ "ఏరేటర్లు ఆపారా?" అన్నాడు. చెరువు నీళ్లకు గాలి అందించే యంత్రాలవి. పిన్నమ్మ ఏడ్చేసింది. ఎవరికెంత బాకీయో వడ్డీతో సహా ఆయనే చెప్పాడు. ఒంగోలు నాలుగు రోజులే గుర్తుకు రాలేదు.

ఒంగోలు లెక్కల మాస్టారు:
వడ్డీతో సహానా? సరే, ఆ హోటల్ వాళ్లు కూలి ఇచ్చారా?

కావలి కుర్రోడు:
ఇచ్చారు మాస్టారూ, జేబులోనే ఉంది. ఇది ఎవరి డబ్బని అడుగుతున్నాడు.