‘నీరు పల్లమెరుగు’: రసాయన చర్యకు పల్లం ఏది?

ఒంగోలు నుంచి ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. ‘అయత్నీకృత చర్య’ చెబుతూ వాళ్ల మాస్టారు ‘నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు’ అన్నారట. వేడిని వదిలే చర్యలే తమంతట తాము జరుగుతాయని తనకు అర్థమైంది. సామెత ఇక్కడ అతుకుతుందా?

నెల్లూరు నుంచి జవాబు: అతుకుతుందండీ. కాకపోతే వేడి తగ్గడమే పల్లం అనుకుంటే ఉప్పు దగ్గరే బోల్తా పడతాం. మా అల్లూరు వైపు ఇస్కపల్లి ఉప్పు 58 గ్రాములు లీటరు నీటిలో వేసి కలపండి. దాదాపు 4 కిలోజౌళ్ల వేడిని నీటి నుంచే లాక్కుంటుంది, నీరు డిగ్రీకి కాస్త తక్కువగా చల్లబడుతుంది. అయినా ఎవరూ బతిమాలకుండానే కరుగుతుంది. స్ఫటికంలో బారులు తీరిన అయాన్లు నీటిలో చెల్లాచెదురై ఎంట్రోపీ, అంటే ఆ చెదురుతనపు కొలత, పెరగడమే కారణం. ఆ పెరుగుదలను పరమ ఉష్ణోగ్రతతో గుణిస్తే, 25 డిగ్రీల వద్ద, ప్రామాణిక గాఢతకు సుమారు 13 కిలోజౌళ్లు. 4 లోంచి 13 పోతే మైనస్ 9. అమెరికా శాస్త్రవేత్త గిబ్స్ 1870లలో చూపించిన పల్లం ఇదే. దాన్నే స్వేచ్ఛాశక్తి తగ్గడం అంటాం.

ఈ పల్లం కదలకుండా ఉండదు. 100 గ్రాముల నీటిలో 36 గ్రాముల ఉప్పు కరిగేసరికి నేల చదునవుతుంది. ఉప్పు మడిలో ఎండకు నీరు ఆవిరై ఆ హద్దు దాటిందా, వాలు తిరగబడుతుంది. అదే ఉప్పు, అదే నీరు, ఈసారి ఉప్పు స్ఫటికాలు కట్టడమే అయత్నీకృతం.

ఒంగోలు: వజ్రం గ్రాఫైట్‌గా మారడమూ అయత్నీకృతమేనట. మరి నగల్లోని వజ్రాలు మారవేం?

నెల్లూరు: ‘ఎరుగు’ అన్న క్రియను చూడండి. ‘ఎరుగును’లో ‘ను’ పోయిన తద్ధర్మార్థక రూపం. స్వభావం చెబుతుందే తప్ప ఎప్పుడన్నది చెప్పదు. సోమశిల గేట్లు దించినా పెన్న నీరు పల్లమెరుగు. వజ్రానికీ మోలుకు (12 గ్రాములకు) 2.9 కిలోజౌళ్ల వాలు ఉంది, కానీ ముందు బలమైన కార్బన్ బంధాలు తెగాలి. ఆ గేటు మామూలు వేడికి లేవదు.

సామెత రెండో సగం మాత్రం తరగతిలో వద్దు. జవాబు పత్రంలో ‘దేవుడెరుగు’ అని రాసేస్తారు.

అమ్మాయిని మంచు కరగడానికి లెక్క వేయమనండి. మోలుకు 6 కిలోజౌళ్ల వేడి కావాలి, ఎంట్రోపీ కెల్విన్‌కు 22 జౌళ్లు పెరుగుతుంది. వాలు ఎక్కడ తిరగబడుతుందో తానే చెబుతుంది.